కనబడుటలేదు: గామా కిరణములు

మా ఆయన పనిచేసే సంస్థలో వస్తువు పోతే ఎవరూ కంగారు పడరు. పోయిందని కాగితం మీద రాస్తేనే కంగారు. ఆ సంగతి తెలియక నేనొక వాక్యం రాశాను. దానివల్ల ఆ వానాకాలమంతా నేను, మా ఆయన, ఒక ఎస్సై, ఒక దినపత్రిక, విశ్వంలో ఉన్న పాతకాలపు నక్షత్రాలన్నీ ఇబ్బంది పడవలసి వచ్చింది. నక్షత్రాల సంగతి తర్వాత చెబుతాను. ముందు మా పెళ్ళి సంగతి. కథకి దాని అవసరం ఉంది, పైగా అది చెప్పడమంటే నాకు సరదా.

మా పెళ్ళి మే నెలలో, పగలు పదిన్నర ముహూర్తానికి జరిగింది. తంతు అంతా అయ్యాక పురోహితుడు గారు మమ్మల్ని పందిట్లోంచి ఎండలోకి నడిపించి, ఆకాశం వైపు చెయ్యి చాపి, "అదిగో అరుంధతి. కనపడిందా నాయనా?" అన్నారు.

నడినెత్తిన ఎండ మాడిపోతోంది. ఇలాంటప్పుడు లోకంలో పెళ్ళికొడుకులందరూ చెప్పే జవాబు ఒకటే. మా ఆయన మాత్రం కళ్ళు చికిలించి, వాచీ చూసుకుని, "లేదండీ" అన్నారు.

"కనపడింది అనాలి నాయనా."

"ఈ వేళప్పుడు అరుంధతి ఉత్తరాన నేలకి కింద ఉంటుందండీ. సుమారుగా మన భోజనాల పందిరి దిక్కున, ఇంకా కిందికి. ఉండడమైతే ఉంది. కనపడదు."

పురోహితుడు గారు చెమట తుడుచుకుని నావైపు తిరిగారు. "నీ సంగతేమిటి తల్లీ?"

"ఆయన ఉందంటున్నారు కదండీ" అన్నాను.

ఫోటో తీసే అబ్బాయికి ఇవేవీ పట్టలేదు. "సార్, అట్లనే కిందికి చూపించండి, మేడం మీరు నవ్వండి" అన్నాడు. అందుచేత మా ఆల్బంలో మేమిద్దరం సాంబారు గంగాళం వైపు భక్తిగా చూస్తున్న ఫోటో ఒకటి ఉంది. ఉన్నవాటిలోకెల్లా నాకు అదే ఇష్టం.

మా ఆయన పేరు పినాకపాణి. అనంతపురం వైపు ఒక గుట్ట మీద, ఊరికి గంటన్నర బస్సు దూరంలో, గగన కిరణ పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త. నేను వకుళని. ఊళ్ళో ఒక ఆడపిల్లల జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. పెళ్ళయి నెల దాటినా ఆయన గుట్ట మీద బ్రహ్మచారుల వసతి గృహంలో, నేను ఊళ్ళో మహిళల హాస్టల్లో ఉంటున్నాం. కారణం సంస్థ నిబంధన. శాస్త్రవేత్త గుట్ట మీదే నివసించాలి. ఉద్యోగం ఖాయమైతే గాని కుటుంబానికి క్వార్టరు ఇవ్వరు. క్వార్టరు రానంతకాలం అతను, ఆ నిబంధనలోని మాటల్లోనే చెప్పాలంటే, "వివాహితుడైనప్పటికీ బ్రహ్మచారిగా పరిగణించబడును."

అందుకని ఆదివారం మూడింటి నుంచి ఐదింటి దాకా సందర్శకుల గదిలో మా కాపురం. రెండు ప్లాస్టిక్ కుర్చీలు, మధ్య టీపాయి, గుమ్మంలో కాపలాదారు ఓబులేసు. ఓబులేసు మంచివాడు. కాకపోతే గేటులోంచి వచ్చే ప్రతిదాన్నీ లెక్కపెట్టి రిజిస్టరులో రాస్తాడు. నేను పకోడీలు తీసుకెళితే, "వకుళమ్మ, ఒకరు. పకోడీలు, ముప్పై ఒకటి" అని రాసి, "ఒకటి ఇరిగింది, అరగా రాయల్నా మేడం?" అని అడిగేవాడు.

మా కళ్ళన్నీ ఏడో నంబరు క్వార్టరు మీద ఉన్నాయి. రెండు గదులు, వెనక నిమ్మచెట్టు. వంటింటి కిటికీ సరిగ్గా గరిటె తిప్పే చోట ఉంటుంది. బస్సు దిగి వచ్చే దారిలో ప్రతి ఆదివారమూ నేను ఆ కిటికీలోంచి లోపలికి చూసి, పోపులపెట్టె ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకుని వచ్చేదాన్ని. ఆగస్టు ముప్పై ఒకటిలోగా మా ఆయన ఉద్యోగం ఖాయమైతే అది మాది. కాకపోతే పాత ఫైళ్ళది. సంస్థలో పాత ఫైళ్ళకి చోటు చాలక ఏడో నంబరు కోసం అవి కూడా దరఖాస్తు పెట్టుకున్నాయి. అంటే, వాటి తరఫున పరిపాలనాధికారి నీలాద్రి గారు పెట్టారు.

ఉద్యోగం ఖాయం కావాలంటే మా ఆయన మూడేళ్ళ పని మీద రిపోర్టు ఇవ్వాలి. ఆ ఏడు సంస్థకి కొత్త ఉత్సాహం పుట్టి, ప్రతి రిపోర్టుకీ తెలుగులో ఒక పేజీ సారాంశం జతచేయాలన్నారు. ఆ పేజీ నేను రాశాను. సందర్శకుల గదిలో, టీపాయి మీద, ఆయన చెబుతుంటే.

"అసలు మీరు కనుక్కున్నదేమిటండీ?" అని అడిగాను.

"నక్షత్రాలు ఏ కాలంలో ఎన్ని పుట్టాయో."

"పుట్టినప్పుడు మీరు చూశారా?"

"చూడక్కర్లేదు. బాగా దూరాన కొన్ని గెలాక్సీలు ఉంటాయి వకుళా, దీపస్తంభాల్లాంటివి. వాటి నుంచి గామా కిరణాలు మనవైపు బయలుదేరతాయి. దారంతా నక్షత్రాలు ఎప్పటినుంచో వెదజల్లిన వెలుగు మంచులా పరుచుకుని ఉంటుంది. నక్షత్రం చచ్చిపోయినా దాని వెలుగు తిరుగుతూనే ఉంటుంది. గామా కిరణం ఆ వెలుగుని ఢీకొంటే అక్కడికక్కడే మాయమైపోతుంది. ఎన్ని బయలుదేరాయి, ఎన్ని వచ్చాయి చూసుకుంటే..."

నాకు టక్కున అర్థమైపోయింది. ఎందుకంటే ఆ ముందువారమే మా అత్తగారు ఒంగోలు నుంచి చుట్టాల చేత డబ్బా పంపారు. మూత మీద "అరిసెలు, యాభై" అని కాగితం అంటించారు. నా దగ్గరికి వచ్చినవి పదకొండు. డబ్బా ఎవరెవరి ఇళ్ళలో ఆగిందో, ఏ ఇంట్లో ఎంతమంది పిల్లలో నేను హాస్టల్ మంచం మీద కూర్చునే చెప్పేశాను.

"అదే!" అన్నారాయన. ఆనందం పట్టలేక నా చెయ్యి పట్టుకున్నారు. ఓబులేసు మర్యాదగా గోడ వైపు తిరిగాడు.

ఆ ఉత్సాహంలో నేను రాసిన వాక్యం ఇది: "సుదూరం నుండి బయలుదేరిన కిరణాలలో నూటికి అరవై దారిలో మాయమైనవి; అలా మాయమైన వాటిని బట్టి, నక్షత్రాల పుట్టుక సుమారు వెయ్యి కోట్ల ఏళ్ళ క్రితం ఉచ్చస్థితిలో ఉండి, అప్పటినుండి తగ్గుతూ వచ్చిందని తెలుస్తున్నది."

బాగుంది కదా. నేను కూడా అలాగే అనుకున్నాను.

*

పది రోజులకి నీలాద్రి గారు మా ఆయన్ని పిలిపించారు. నీలాద్రి గారు మాట్లాడినా ఉత్తరం చదివినట్టే ఉంటుంది.

"పై విషయము పరిశీలించడమైనది. సంస్థకు రావలసినవి నూటికి అరవై దారిలో మాయమైనట్లు తమరే లిఖితపూర్వకముగా అంగీకరించియున్నారు. పోలీసు ఫిర్యాదు ఏదీ?"

"అవి గామా కిరణాలండీ."

"వస్తువు ఏదైనను సర్క్యులరు పద్నాలుగు వర్తించును."

సర్క్యులరు పద్నాలుగు పుట్టుక గురించి ఓబులేసు తర్వాత నాకు చెప్పాడు. కిందటేడు వేసవిలో డైరెక్టరు గారికి నూజివీడు నుంచి వాళ్ళ అక్కయ్య గారు బుట్టెడు చిన్నరసాలు పంపారట. డైరెక్టరు గారు ఊళ్ళో లేరు. వచ్చేసరికి బుట్టలో ఎండుగడ్డి మాత్రం ఉంది. ఆయన మాటల మనిషి కాదు. ఆ గడ్డిని చాలాసేపు వాసన చూశారట. నీలాద్రి గారు చలించిపోయి, అలాంటి అన్యాయం మళ్ళీ జరగకూడదని ఆ మర్నాడే నిబంధన తయారుచేశారు. సంస్థది గాని, సంస్థకు రావలసినది గాని ఏదైనా పోతే పోలీసు ఫిర్యాదు ఇవ్వాలి, పత్రికలో ప్రకటన వేయాలి, ఆచూకీ దొరకలేదని పోలీసుల నుంచి ధ్రువపత్రం తేవాలి. ఆ మూడూ ఉంటేనే ఫైలు కదులుతుంది. చిన్నరసాల ఫైలుకి ఆ మూడూ కుదిరాయి. దాన్ని ఆదర్శ ఫైలుగా ప్రకటించి, ఎర్ర అట్ట వేయించి, అందరూ చూసి నేర్చుకోవడానికి బల్ల మీద పెట్టారు.

"ఇది తీసుకొనిపోయి, ఈ నమూనా ప్రకారము పూర్తి చేయుడు" అని నీలాద్రి గారు ఆ ఎర్ర ఫైలు మా ఆయన చేతికిచ్చారు. ఆయనకి ఏదైనా చదవమని ఇస్తే మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతారు. ఈ సంగతి నీలాద్రి గారికి తెలియదు.

*

పోలీసు స్టేషనుకి నేను కూడా వెళ్ళాను. కాలేజీకి సెలవు పెట్టి, కొత్త చీర కట్టుకుని. పెళ్ళయ్యాక మేమిద్దరం కలిసి వెళ్ళిన మొదటి చోటు అదే.

ఎస్సై మారెప్ప గారు కాగితం చదివి కళ్ళజోడు తీశారు. "ఏం సార్, పోయినేడు మామిడిపండ్లన్నారు. ఈయేడు కిరణాలా?"

"అవునండీ."

"యాడ పోయినాయి?"

"దారిలోనండీ. ఎనిమిది వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి వస్తూ."

"మా స్టేషన్ పరిధి చింతలవంక దాకానే సార్. ఆ పక్క మాది కాదు. ఎప్పుడు జరిగింది?"

"కొన్ని వందల కోట్ల ఏళ్ళ కిందట."

"అప్పుడు నేనీ స్టేషన్‌కి రాల్యా." మారెప్ప గారు కానిస్టేబుల్ వైపు చూశారు. "నువ్వుండావేమిరా అప్పుడు?"

"ల్యా సార్. నేను పోయిన సంక్రాంతికే కదా వచ్చినా."

మారెప్ప గారిది జాలిగుండె. నా చీర చూసి, మెడలో పసుపుతాడు చూసి, సంగతేమిటని అడిగారు. నేను క్వార్టరు సంగతి, నిమ్మచెట్టు, కిటికీ, అన్నీ చెప్పాను. ఆయన ముద్ర తీసి సిద్ధంగా పెట్టుకున్నారు. "అయ్యో, దీనికేముండాది తల్లీ! సార్, 'అవి ఏమైనాయో నాకు తెలీదు' అని ఒక్క మాట రాసి సంతకం పెట్టండి. ఆచూకీ దొరకలేదని ఇప్పుడే ముద్దర వేసిస్తా. మామిడిపండ్లకీ అట్లనే వేసిచ్చినా."

"కానీ ఏమయ్యాయో నాకు తెలుసండీ" అన్నారు మా ఆయన.

"తెలుసా?"

"నక్షత్రాల వెలుగుని ఢీకొని పోయాయి. ఒక్కో ఢీకి ఒక్కో జంట కణాలు పుట్టాయి. అదే కదండీ రిపోర్టు."

మారెప్ప గారు ముద్ర పక్కన పెట్టేశారు. "అయితే ఇది తప్పిపోయిన కేసు కాదు సార్. గుద్దుకున్న కేసు. గుద్దినోళ్ళ పేర్లు కావాల. బండి నంబర్లు కావాల."

బయటికొచ్చాక నేను రోడ్డు మీదే నిలబడిపోయాను. "ఒక్క మాట. అనేస్తే అయిపోయేది."

ఆయన వెనక్కి తిరిగి నా దగ్గరికి వచ్చారు. తర్వాత, "ఏమయ్యాయో తెలియదని సంతకం పెడితే, మూడేళ్ళు నేను చేసింది తెలియనట్టే. కానీ నువ్వు అనమంటే అంటాను వకుళా. లోపలికెళ్ళి ఇప్పుడే అంటాను" అన్నారు.

ఆయన నిజంగా అనేసేవారే. మొహం చూస్తే తెలుస్తోంది. నాకు ఏడో నంబరు కిటికీ గుర్తొచ్చింది. సాంబారు గంగాళం కూడా గుర్తొచ్చింది. ఎండలో, రెండు వందల మంది ముందు, నలుగురూ అనేసే మాట అనలేక నిలబడ్డ మనిషినే కదా నేను చేసుకున్నది.

"వద్దులెండి" అన్నాను. "చెరుకురసం తాగుదాం."

తాగాం. చాలా బాగుంది. నిమ్మకాయ, అల్లం వేశాడు.

*

ఇక పత్రికా ప్రకటన. నీలాద్రి గారు దాన్ని స్వయంగా రాసి పంపారు:

"కనబడుటలేదు. పేరు: గామా కిరణములు. సంఖ్య: నూటికి అరవై. వయస్సు: ఎనిమిది వందల కోట్ల సంవత్సరములు. రంగు: కంటికి ఆనదు. ఎత్తు: లేదు. చివరిసారిగా ధరించిన దుస్తులు: లేవు. ఆచూకీ తెలిసినవారు ఈ దిగువ నంబరుకు తెలియజేయగలరు."

తమది కుటుంబ పత్రిక కాబట్టి దుస్తులు లేవని వేయలేమని పత్రికవారు దాన్ని "సాధారణ దుస్తులు" అని దిద్దారు. ఫోటో తప్పనిసరి అంటే మా ఆయన ఒక ఫోటో ఇచ్చారు. నల్లటి చదరం వచ్చింది. ఫోటో సరిగా పడలేదని నీలాద్రి గారు పత్రికకి మూడు ఉత్తరాలు రాశారు.

కింద ఇచ్చిన నంబరు మా ఆయనది. గుంతకల్లు నుంచి ఒకాయన ఫోన్ చేసి, వాటిని నిన్ననే ప్లాట్‌ఫారం మీద చూశానన్నాడు. ఎన్ని ఉన్నాయని మా ఆయన ఆత్రంగా అడిగారు. ఇంకొకాయన, "అంత పెద్ద వయసులో ఇల్లు వదిలి పోయినారంటే మీరేమో అనింటారు, ఇంట్లో వాళ్ళని అట్ల అనొచ్చునా?" అని చీవాట్లు పెట్టాడు. ఒక ముసలావిడ మాత్రం, "నాయనా, మా ఆయప్ప కూడా అట్లనే పోయినాడు, పదేండ్లాయె. మళ్ళా ఏసేటప్పుడు ఆయప్ప పేరూ కలిపి ఏయించు" అంది. మా ఆయన ఆవిడ భర్త పేరు, ఊరు, చొక్కా రంగు అన్నీ శ్రద్ధగా రాసుకున్నారు. నిజంగానే వేయించారు కూడా.

ఈలోగా ఎస్సై గారి నుంచి సంస్థకి ఉత్తరం వచ్చింది. ధ్రువపత్రం ఇవ్వడం కుదరదని, కిరణాలను గుద్దినది నక్షత్రాలని శాస్త్రవేత్త గారే చెప్పారని. నీలాద్రి గారు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, కుర్చీలోంచి లేచారట.

"అనగా బాధ్యులు తెలిసియున్నారు!"

ఆ సాయంత్రమే నక్షత్రాలకు సంజాయిషీ నోటీసులు తయారయ్యాయి. "తమరు సంస్థకు రావలసిన కిరణములను దారిలో అడ్డగించుటయే గాక, గత వెయ్యి కోట్ల సంవత్సరములుగా జననములను తగ్గించుకొనుచు వచ్చినట్లు మా దృష్టికి వచ్చినది. తమపై చర్య ఏల తీసుకొనరాదో పదిహేను దినములలోగా తెలియజేయవలెను."

"వాటిలో చాలావరకు చచ్చిపోయాయండీ" అన్నారు మా ఆయన.

"మరణ ధ్రువపత్రములు జతచేయుడు."

"బతికున్నవాటికి ఈ ఉత్తరం చేరడానికే కొన్ని వందల కోట్ల ఏళ్ళు పడుతుంది. జవాబు రావడానికి మళ్ళీ అంతకన్నా ఎక్కువ."

నీలాద్రి గారు ఆలోచించారు. ఆయన నిర్దయుడు కాదు. పదిహేను దినములను కొట్టివేసి ముప్పై దినములు చేశారు.

మరి నోటీసులు అందించడం ఎలా? దానికీ నిబంధన ఉంది. చిరునామాదారు దొరకనప్పుడు నోటీసుని వారి వాకిలికి అంటించాలి. నక్షత్రాల వాకిలి ఏదని తర్జనభర్జన జరిగింది. నక్షత్రాలు సంస్థలోకి వచ్చేది టెలిస్కోపు అద్దంలోంచే కాబట్టి అదే వాకిలి అని తేల్చారు. ఓబులేసు మైదా ఉడకబెట్టి, నిచ్చెన వేసుకుని, టెలిస్కోపు అద్దం పొడుగూతా నలభై రెండు నోటీసులు అంటించాడు. చాలా నీటుగా, అంచులు కలిసేలా అంటించాడని అందరూ మెచ్చుకున్నారు.

మర్నాటి నుంచి టెలిస్కోపుకి ఒక్క కిరణం కూడా అందలేదు.

"లోపము నూటికి అరవై నుండి నూటికి నూరునకు పెరిగినది" అని నీలాద్రి గారు పైవారికి రాశారు. "నోటీసులు అందిన పిమ్మట బాధ్యులు మరింత మొండికెత్తినట్లు కనబడుచున్నది."

ఆ ఆదివారం నేను వెళ్ళేసరికి మా ఆయన బకెట్టు, మెత్తటి గుడ్డలు పట్టుకుని నిచ్చెన కింద నిలబడి ఉన్నారు. ముప్పై రోజులూ గడవకుండా నోటీసులు పీకడం నేరం. కానీ వానకి తడిసి వాటంతటవే ఊడిపోతే నేరం కాదు. వాన అరగంట కిందటే వచ్చి వెళ్ళింది. మేం ఊడినవాటిని ఏరుతూ, అద్దం మీది జిగురు తుడుస్తూ సాయంత్రం దాకా అక్కడే ఉన్నాం. సందర్శకుల గది బయట మేం గడిపిన మొదటి ఆదివారం అది. అద్దంలో మా మొహాలు ముప్పై ముక్కలుగా కనపడ్డాయి. ముప్పై ముక్కల్లోనూ ఆయన ముక్కుకి మైదా ఉంది.

ఓబులేసు గేటు దగ్గర రిజిస్టరు తీసి, ఏం రాయాలో తెలియక తల గోక్కున్నాడు. "అద్దం తుడుస్తా నవ్వినారు, ఇద్దరు" అని రాశాడు.

*

ఆగస్టు ముప్పై ఒకటిన మధ్యాహ్నం రెండింటికి కిరణ లోప, తారా జనన క్షీణత విచారణ సంఘం కూర్చుంది. డైరెక్టరు గారు అధ్యక్షులు, నీలాద్రి గారు కార్యదర్శి. నేరారోపణ ఉన్న వాక్యాన్ని రాసిన మనిషిగా నన్నూ పిలిచారు. గుమ్మం బయట పాత ఫైళ్ళు మూటలు కట్టుకుని, ఏడో నంబరుకి బయలుదేరడానికి తోపుడుబండి మీద సిద్ధంగా ఉన్నాయి. నా పోపులపెట్టె నా సంచిలో ఉంది. ఎందుకు తెచ్చానో నాకే తెలియదు.

"పినాకపాణీ" అన్నారు డైరెక్టరు గారు. బక్కపలచటి మనిషి, నీరసంగా ఉన్నారు. "మాయమైనవాటిని బట్టి ఏదైనా ఎలా తెలుస్తుందో అందరికీ అర్థమయ్యేట్టు ఒక ఉదాహరణ చెప్పు. నాకు తెలుసు. ఫైల్లో ఎక్కాలి."

మా ఆయన సంతోషంగా లేచారు. "మా అమ్మ ఒంగోలు నుంచి అరిసెలు పంపిందండీ..."

"అభ్యంతరము!" అన్నారు నీలాద్రి గారు. "బయటి అరిసెలు అంగీకరించబడవు. ఉదాహరణ సంస్థ రికార్డులలో నమోదై ఉండవలెను."

మా ఆయన ఆగిపోయారు. ఆయన గోడ వైపు, కప్పు వైపు, చివరికి చేతిలో ఉన్న ఎర్ర అట్ట ఫైలు వైపు చూశారు. ఆయన మొహం వెలిగిపోయింది.

"అయితే చిన్నరసాలు చెప్పనాండీ?"

"ఆదర్శ ఫైలు. చెప్పవచ్చును" అన్నారు నీలాద్రి గారు గర్వంగా.

మా ఆయనకి ఎవరిమీదా ఏ ఉద్దేశమూ లేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఆయన సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ఒక గీత గీశారు. "ఇది పళ్ళు వచ్చిన దారి. నూజివీడులో బుట్ట మీద రాసింది నలభై ఎనిమిది. సోమవారం పొద్దున గేటు దగ్గర ఓబులేసు రిజిస్టరులో కూడా నలభై ఎనిమిదే. అంటే గేటు దాకా ఒక్కటీ మాయం కాలేదు."

"ఒకటి కొంచెం మెత్తబడింది సార్" అన్నాడు ఓబులేసు గుమ్మంలోంచి.

"శుక్రవారం డైరెక్టరు గారికి చేరినవి సున్నా. మరి పోయింది ఎక్కడ? గేటుకీ డైరెక్టరు గారికీ మధ్య. ఆ మధ్యలో బుట్ట ఉన్నది ఒక్కచోటే, పరిపాలనాధికారి గారి గదిలో. తన గదిలో ఉన్న ప్రతి వస్తువునీ రోజూ సాయంత్రం లెక్కపెట్టి చీటీ ఫైల్లో పెట్టాలని సార్ ఆజ్ఞ. అందుకే ఇది ఆదర్శ ఫైలండీ. మాకు గామా కిరణాల్లో ఇంత చక్కటి కొలతలు దొరకవు!"

ఆయన చీటీలు చూస్తూ బోర్డు మీద రాశారు. సోమవారం సాయంత్రం నలభై. మంగళవారం ఇరవై ఒకటి. బుధవారం తొమ్మిది. గురువారం ఏమీ లేవు.

"అంటే సోమవారం మాయమైనవి ఎనిమిది. మంగళవారం పంతొమ్మిది. బుధవారం పన్నెండు. గురువారం తొమ్మిది. చూశారా? మొదట తక్కువ, తర్వాత ఒక్కసారిగా ఉచ్చస్థితి, అక్కడినుంచి తగ్గుతూ వచ్చింది. నక్షత్రాల పుట్టుక కూడా అచ్చం ఇలాగే! తినేవాళ్ళని మనం చూడలేదు. చూడనక్కర్లేదు. మాయమైన పళ్ళే వాళ్ళ చరిత్రంతా చెబుతాయి." ఆయన సుద్ద చేతులు దులుపుకున్నారు. "ఈ పంతొమ్మిది మాత్రం నాకు చాలా ఆసక్తిగా ఉంది. ఒక మనిషికి సాధ్యం కాదు. ఆ రోజు అక్కడ ఇంకేదో జరిగి ఉండాలి."

డైరెక్టరు గారు బోర్డు వైపు చూస్తున్నారు. తర్వాత మెల్లగా తల తిప్పారు.

"నీలాద్రీ" అన్నారు. "మంగళవారం ఏం జరిగింది?"

ఉత్తరం భాష తప్ప మరోటి రాని నీలాద్రి గారు, నాకు తెలిసి మొదటిసారి, మామూలుగా మాట్లాడారు.

"మా బావమరిది వచ్చాడండీ."

ఓబులేసు రిజిస్టరులో కిందటేటి పేజీలు తెరిచి వేలుతో వెతికి, "అవున్సార్. మంగళవారం, బావమరిది, ఒకరు. పోయేటప్పుడు చేతులు కడుక్కున్నాడు" అన్నాడు.

డైరెక్టరు గారు కోప్పడలేదు. "బాగున్నాయా?" అని మాత్రం అడిగారు.

"చాలా... చాలా బాగున్నాయండీ" అన్నారు నీలాద్రి గారు నేల చూస్తూ.

ఆ తర్వాతంతా గబగబా జరిగిపోయింది. నీలాద్రి గారు గొంతు సవరించుకుని, శాస్త్రీయ పద్ధతిని సంఘము సంపూర్ణముగా గ్రహించినదని, కిరణములు తప్పిపోలేదనియు వినియోగింపబడినవనియు తేలినదని, నక్షత్రములపై చర్యలు ఉపసంహరించుకొనడమైనదని, శ్రీ పినాకపాణి ఉద్యోగము నేటినుండి ఖాయము చేయబడినదని ఒక్క ఊపిరిలో చెప్పి, రాసి, సంతకం పెట్టించారు. పాత ఫైళ్ళ బండిని వెనక్కి తిప్పారు. దాని చక్రం కిర్రుమంది. అంత తియ్యటి చప్పుడు నేనెప్పుడూ వినలేదు.

మా ఆయన మాత్రం మెట్లు దిగుతూ, "సార్‌కి ఉదాహరణ అంత బాగా నచ్చుతుందనుకోలేదు" అన్నారు.

*

సాయంత్రం ఆరున్నరకి ఓబులేసు తాళంచెవి, అప్పగింతల జాబితా పట్టుకుని ఏడో నంబరుకి వచ్చాడు. నేను పోపులపెట్టెని కిటికీలో పెట్టేశాను. సరిగ్గా సరిపోయింది. జాబితాలోని ప్రతి వస్తువూ సరిగ్గా ఉందని శాస్త్రవేత్త చూసి చెప్పాలి, ఓబులేసు రాసుకోవాలి.

"కుళాయిలు, రెండు."

"ఉన్నాయి."

"పంకాలు, రెండు."

"ఉన్నాయి."

"బల్బులు, రెండు. కనపడినాయా సార్?"

వంటింట్లో ఒకటి వెలుగుతోంది. ముందుగదిలో హోల్డరు ఉంది. అందులో బల్బు లేదు.

మా ఆయన నోరు తెరిచారు. సంస్థకి చెందిన వస్తువు పోయింది. సర్క్యులరు పద్నాలుగు. పోలీసు ఫిర్యాదు, పత్రికా ప్రకటన, మారెప్ప గారి ముద్ర. అన్నీ అయ్యేదాకా క్వార్టరు స్వాధీనం చేయరు. ఓబులేసు కూడా అదే ఆలోచించినట్టున్నాడు, కలం గాలిలో ఆపేసి, "బాగా చూసి చెప్పండి సార్" అన్నాడు బతిమాలుతున్నట్టు.

మా ఆయన ఖాళీ హోల్డరు వైపు చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డ నా వైపు చూశారు. అనమని నేను అడగలేదు, దానికి ఓబులేసే సాక్షి.

మా ఆయన గొంతు తగ్గించి, పెళ్ళిలో రెండు వందల మంది ముందు పురోహితుడు గారు అడిగినా అనని మాట అన్నారు.

"కనపడింది."

ఓబులేసు రాసేసుకుని, తాళంచెవి నా చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లారీ తెల్లారకుండా ఆయన మొదటి బస్సుకి ఊళ్ళోకి వెళ్ళి, బల్బు కొనుక్కొచ్చి, బల్ల ఎక్కి బిగించి, అది వెలిగాక గాని కాఫీ ముట్టుకోలేదు. ఆ సంగతి సరే. ఆ సాయంత్రం మాత్రం మేం ముందుగదిలో ఖాళీ హోల్డరు కింద చాప వేసుకుని, మిగిలిన అరిసెలు చెరొకటి తిన్నాం. నాకైతే వెలుతురు ఎక్కడా తక్కువ కాలేదు.